ఒక ఓటుకి ఎన్ని పెంకులు

గిన్‌స్టర్ వీధిలో పద్నాలుగో నంబరు ఇల్లూ పదహారో నంబరు ఇల్లూ అతుక్కునే పుట్టాయి. మధ్యలో ఒకటే గోడ, పైన ఒకటే పెంకుల కప్పు. ఆ కప్పు జర్మనీని కైజరు చక్రవర్తి ఏలుతున్నప్పుడు వేసింది. తర్వాత రెండు యుద్ధాలు వచ్చి వెళ్ళాయి, జెండాలు మూడుసార్లు మారాయి, పెంకులు మాత్రం మారలేదు. పంతొమ్మిది వందల ఎనభై నాలుగు మార్చి వానలకి వాటి ఓపిక అయిపోయింది.

పదహారో నంబరులో ఉండేది బ్రూనో ఫీడ్లర్. ఊరి బొత్తాల ఫ్యాక్టరీలో స్టోరుకీపరు, ముప్పై ఏళ్ళుగా పార్టీ సభ్యుడు, వీధిలో తనతో కలిపి నలభై ఇద్దరి చేత ఓటు వేయించే బాధ్యుడు. ఆయన పడగ్గదిలో చుక్క సరిగ్గా భార్య ఇల్సే తలగడ మీద పడేది. మంచం కిటికీ వైపు జరిపారు, చుక్క కూడా జరిగింది. బీరువా వైపు జరిపారు, అక్కడికీ వచ్చింది. మూడో వారం ఇల్సే తలగడ చంకలో పెట్టుకుని, రెండో చేత్తో పెట్టె పట్టుకుని, ఎర్‌ఫుర్ట్‌లో ఉన్న చెల్లెలి ఇంటికి బయల్దేరింది.

"నీ మీద కోపం లేదు బ్రూనో. నీళ్ళ కింద పడుకోవడానికి నేను చేపను కాదు. కప్పు బాగయ్యాక ఫోన్ చెయ్యి, వస్తాను" అంది గుమ్మంలో.

ఆరోజు నుంచి ఫీడ్లర్‌కి ఇల్లు ఇల్లులా లేదు. ఉప్పు ఎక్కడుందో తెలీదు, చొక్కాలు ఎలా తెల్లబడేవో తెలీదు. రాత్రిపూట చుక్కలు లెక్కపెడుతూ ఇల్సే ఖాళీ వైపుకి తిరిగి పడుకునేవాడు. ఇరవై ఏడేళ్ళ కాపురంలో ఆమె గురక ఎంత ముఖ్యమో అప్పుడు తెలిసింది. చెల్లెలి ఇంట్లో సెంట్రల్ హీటింగ్ ఉంది, స్నానాల తొట్టి ఉంది. ఆ సుఖానికి అలవాటు పడితే ఇల్సే ఇక రాదేమోనని ఆయనకి నిజంగానే భయం పట్టుకుంది.

ఆయనేం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఇళ్ళ మరమ్మతులు చూసే సర్కారు ఆఫీసుకి అర్జీ పెట్టుకున్నాడు. మా తూర్పు జర్మనీలో అర్జీకి నాలుగు వారాల్లో జవాబు ఇవ్వాలని చట్టం. వాళ్ళూ చట్టానికి భయపడేవాళ్ళే, నాలుగో వారం ఆఖరి రోజున ఇచ్చారు. "కామ్రేడ్ ఫీడ్లర్, పెంకుల సరఫరాలో దేశం ఎదుర్కొంటున్న ఇబ్బంది ఇంకెవరికి అర్థం కాకపోయినా మీకు తప్పక అర్థమవుతుందని మా నమ్మకం." మొదటిసారి చదివినప్పుడు ఫీడ్లర్‌కి కాస్త గర్వంగా అనిపించింది. రెండోసారి చదివినప్పుడు చెవులు వేడెక్కాయి. పక్క వీధిలో ఎప్పుడూ ఏదో ఒకటి సణిగే మంగలి ఇంటికి ఈ మధ్యే కొత్త గొట్టాలు వేసి వెళ్ళారు మరి.

ఏప్రిల్ ఆఖర్లో ఒక సాయంత్రం పద్నాలుగో నంబరు హెర్మీన్ క్లాట్ కంచె దగ్గరకి పిలిచింది. డెబ్భై ఒక్క ఏళ్ళ వితంతువు. అక్క సరిహద్దు అవతల, పశ్చిమ జర్మనీలోని కాసెల్‌లో ఉంటుంది, ఏడాదికి రెండుసార్లు కాఫీ పార్సెల్ పంపుతుంది. ఆ పార్సెల్ వచ్చిన రోజు వీధి వీధంతా ముక్కులు ఎగబీలుస్తూ తిరుగుతుంది.

"ఏమయ్యా ఫీడ్లరూ, మే ఆరో తారీఖున నాకోసం ఎదురుచూడకు. నేను ఓటు వెయ్యను" అంది ఆవిడ.

ఫీడ్లర్ కంచె పట్టుకుని ముందుకి వంగాడు. "అదేంటి ఫ్రౌ క్లాట్! అంత మాట అనకండి!"

"నా సోఫా మీద నాచు మొలిచిందయ్యా. రష్యావాళ్ళ రాకెట్లకి షెడ్లు వేశారట, అమెరికావాళ్ళ రాకెట్లకి అవతల షెడ్లు వేశారట. నా నెత్తి మీద నాలుగు పెంకులు వెయ్యడానికి మాత్రం ఎవరికీ తీరికలేదు. కప్పు వేస్తే ఓటు వేస్తాను. లేకపోతే ఆ ఆదివారం పడుకుంటాను."

అది చిన్న మాట కాదు. మా ఎన్నికల్లో ఎవరు గెలుస్తారన్నది ఎవరికీ సమస్య కాదు, అది ముందే అచ్చయి ఉంటుంది. ఎంతమంది వచ్చారన్నదే సమస్య. అవతలి జర్మనీలో నూటికి ఎనభై తొమ్మిది మంది వస్తే ఇక్కడ తొంభై తొమ్మిది మంది రావాలి, ఆ తొంభై తొమ్మిది పక్కన చుక్క పెట్టి ఇంకో అంకె ఉండాలి. ఆ చుక్క తర్వాత అంకె కోసం పెద్దవాళ్ళకి నిద్రలు పట్టేవి కావు. ఒక ముసలావిడ పక్క దిగకపోతే అమెరికా గెలిచినట్టే అనుకునేవాళ్ళు. నాలుగు ఎన్నికలుగా ఫీడ్లర్ వీధి నూటికి నూరు. నాలుగు ప్రశంసాపత్రాలు హాల్లో వరసగా వేలాడుతున్నాయి, వాటిలో రెండిటికి చెమ్మ పట్టింది.

ఆయన మొహం మాడ్చుకుని ఇంట్లోకి వెళ్ళాడు. బకెట్ పారబోసి తిరిగి పెట్టాడు. పెడుతూ పైకి చూశాడు. ఆ చూసిన చూపు అలాగే ఉండిపోయింది. కప్పు ఒకటే కదా! ఆవిడకి వేస్తే తనకీ వేసినట్టే కదా!

పదినిమిషాల్లో పద్నాలుగో నంబరు తలుపు తట్టాడు.

"ఫ్రౌ క్లాట్, బాధ్యుడిగా చెప్తున్నాను, మీ నిర్ణయం చాలా తప్పు."

"చెప్పావుగా. ఇంకేంటి?"

ఫీడ్లర్ నీళ్ళు నమిలాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఇంకేం లేదు... ఆ మాట నోటితో అంటే గాలికి పోతుంది. కాగితం మీద పెట్టారా?"

క్లాట్ ముసలావిడ ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది. తర్వాత కళ్ళు మెరిశాయి. "లోపలికి రా. కాసెల్ కాఫీ పెడతాను" అంది.

ఆ సాయంత్రం వంటింటి బల్ల దగ్గర జిల్లా పార్టీ ఆఫీసుకి ఉత్తరం ఆవిడ రాసింది, ఆయన చెప్పాడు. ఎన్నో ఏళ్ళుగా మీటింగుల్లో కూర్చున్నవాడు, పైవాళ్ళకి ఏ మాట ఎక్కడ గుచ్చుకుంటుందో ఆయనకి బాగా తెలుసు. "ఓటు వెయ్యను" అని రాయబోతే ఆపాడు. "అలా వద్దు. 'ఇటువంటి పరిస్థితుల్లో మే ఆరో తేదీన పాల్గొనగలిగే స్థితిలో ఉంటానని చెప్పలేకపోతున్నాను' అని రాయండి" అన్నాడు. "ఇదేం వంకర మాటయ్యా" అని ఆవిడ గొణుక్కుంది. "వంకరగా ఉంటేనే భయపడతారు" అన్నాడు ఫీడ్లర్. అలా అన్నది తనేనని తెలిసి ఆయనకే ముచ్చెమటలు పట్టాయి.

నాలుగు వారాలు అక్కర్లేదు, నాలుగో రోజున జిల్లా నుంచి కామ్రేడ్ ఫోగ్ట్ కారు దిగాడు. నలభై ఏళ్ళుండవు, చేతిలో తోలు సంచీ, ఎప్పుడూ ఎవరో తరుముతున్నట్టు నడక.

"నీ వీధిలో ఇదేంటి ఫీడ్లర్? నీ పక్కింట్లో! అవతలి టీవీవాళ్ళు తొంభై తొమ్మిదంటే వెక్కిరిస్తారు, తొంభై ఎనిమిదంటే గంతులేస్తారు. వాళ్ళకి ఆ అవకాశం ఇద్దామనా?" అని వీధిలోనే అందుకున్నాడు.

"అబ్బే, నేను రోజూ నచ్చజెప్తూనే ఉన్నాను, కామ్రేడ్."

ఇద్దరూ కలిసి ఆవిడ ఇంటికి వెళ్ళారు. వాన పడుతోంది. సోఫా చుట్టూ గిన్నెలు, గ్లాసులు, ఒక పాత హెల్మెట్ పెట్టి ఉన్నాయి. అందులో సగం గిన్నెలు నిన్నటిదాకా లేవని ఫీడ్లర్‌కి తెలుసు, రెండు తన ఇంటివే. ఫోగ్ట్‌కి సరిగ్గా చుక్క పడేచోట కుర్చీ వేసింది ఆవిడ.

ఫీడ్లర్ లేచి నిలబడి శాంతి గురించి, కర్తవ్యం గురించి, రెండు ప్రపంచాల గురించి చక్కగా మాట్లాడాడు. మాట్లాడుతూ ఆవిడ ఎక్కడ ఒప్పేసుకుంటుందోనని చెమటలు కక్కాడు. ఆవిడ మెడ అడ్డంగా ఊపినప్పుడల్లా ఆయన ప్రాణం లేచివచ్చింది. "అంతా నిజమే నాయనా, ఈయన బంగారం లాంటి మనిషి, ఈయన చెప్తే రాళ్ళు కరుగుతాయి. నేను మాత్రం కరగను, నానిపోయాను" అంది ఆవిడ. అప్పుడే ఫోగ్ట్ కాఫీలో టప్పున చుక్క పడింది. ఆయన కాఫీ వంక చూశాడు, పైకి చూశాడు. అది కాసెల్ కాఫీ, పారబోయడానికి మనసొప్పక తాగేశాడు.

"శనివారానికల్లా కప్పు వేయిస్తాను" అన్నాడు మూతి తుడుచుకుంటూ.

ఫీడ్లర్ ఆ రాత్రి ఇల్సే వైపు దుప్పటి మార్చాడు.

అన్నట్టుగానే శనివారం పొద్దున్నే ట్రక్కు వచ్చింది. ఎర్రటి కొత్త పెంకులు, ఆరుగురు మనుషులు. ఊళ్ళో ఒక్క పెంకు లేదని నెలల తరబడి విన్నాం. ఇవి జిల్లా అతిథి గృహానికని పక్కన పెట్టినవట. మనుషులు పాటలు పాడుతూ పని చేశారు. క్లాట్ యాంటెన్నా వంగిపోయి ఉంటే పనివాళ్ళ మేస్త్రీ కిందికి కేకేశాడు, "దీన్ని ఎటు తిప్పమంటారు?" అది ఇన్నాళ్ళూ పడమరకే, అవతలి టీవీ వైపే తిరిగి ఉండేది. వీధి మొత్తం ఫీడ్లర్ వైపు చూసింది. ఆయన తన బూట్ల వంక చూసుకుని, "ఎటుందో అటే ఉంచండి" అన్నాడు.

మధ్యాహ్నం రెండింటికి పద్నాలుగో నంబరు కప్పు పూర్తయింది. ఫీడ్లర్ తన వైపు అటకలో సామాను జరిపి, పనివాళ్ళ కోసం బీరు సీసాలు నీళ్ళలో పెట్టి, బయటికి వచ్చేసరికి వాళ్ళు నిచ్చెన దింపుతున్నారు.

"ఏమయ్యా, భోజనానికా?"

"కాదు, ఇంటికి. అయిపోయిందిగా."

"అయిపోవడమేంటి? సగమేగా వేశారు!"

మేస్త్రీ జేబులోంచి కాగితం తీసి చూపించాడు. "గిన్‌స్టర్ వీధి, పద్నాలుగు. పదహారుకి ఉత్తర్వు లేదండీ."

"ట్రక్కులో ఇంకా పెంకులున్నాయి కదా!"

"ఉన్నాయి. నంబరు లేదు."

ట్రక్కు మిగిలిన పెంకులతో మలుపు తిరిగి వెళ్ళిపోయింది. రోడ్డు మీంచి చూస్తే ఒకే కప్పు, మధ్యగోడ దాకా ఎర్రగా, అక్కణ్ణుంచి నల్లగా. నల్లది పార్టీ సభ్యుడిది. ఫీడ్లర్ ఫ్యాక్టరీ దాకా పరుగెత్తి జిల్లాకి ఫోన్ చేశాడు. "ఫీడ్లర్, ఎన్నికలు రేపు పెట్టుకుని... ఇంకెవరైనా అడిగారంటే అర్థం ఉంది. నువ్వు కూడానా?" అన్నాడు ఫోగ్ట్, ఎంతో ఆప్యాయంగా. ఫీడ్లర్ ఫోన్ పెట్టేసి, ఇంటికి వచ్చి, నీళ్ళలో పెట్టిన బీర్లు ఒక్కొక్కటే తనే తాగాడు.

ఆదివారం తెల్లవారుతూనే కుండపోత. ఓటింగు స్కూలు హాల్లో. మొదట వచ్చినవాళ్ళకి పువ్వులిచ్చారు, ఎప్పుడూ కనబడని వేడి సాసేజీలు కూడా వచ్చాయి. కాగితం తీసుకుంటారు, మధ్యకి మడుస్తారు, పెట్టెలో వేస్తారు. పెన్సిల్‌తో పేర్లు కొట్టెయ్యాలనుకునేవాళ్ళకి మూలన తెర కట్టిన గది ఒకటి ఉంది. దాంట్లోకి వెళ్ళినవాణ్ణి వీధి మొత్తం పదేళ్ళు గుర్తుపెట్టుకుంటుంది. ఎనిమిదింటికల్లా ఫ్రౌ క్లాట్ టోపీ పెట్టుకుని వచ్చింది, కాగితం మడిచి వేసింది. ఇచ్చిన మాట ఇచ్చినట్టు. బయటికి వెళ్తూ ఫీడ్లర్ దగ్గర ఆగింది.

"నా వైపు పొడిగా ఉందయ్యా. నీ వైపు చూడాలంటే సిగ్గేస్తోంది" అంది నెమ్మదిగా.

తొమ్మిదింటికి ఫీడ్లర్ హెడ్మాస్టరు గదిలోంచి ఎర్‌ఫుర్ట్‌కి ఫోన్ చేశాడు.

"పొడిగా ఉందా?" అని అడిగింది ఇల్సే మొదటి మాటగా.

"సగం."

"ఏ సగం?"

"ఆవిడది."

వెనక చెల్లెలి పిల్లల నవ్వులు వినబడుతున్నాయి. "నాకు ఇక్కడ బాగానే ఉంది బ్రూనో" అంది ఇల్సే. తర్వాత ఏదో అడగాలి కాబట్టి అన్నట్టు, "నా ఓటు ఇక్కడికి మార్పించుకుని వేసేశాను. నువ్వు వేసేశావా?" అంది.

"లేదింకా. పొద్దుట్నుంచీ ఊపిరి తిరగట్లేదు."

"అలాగా" అంది ఇల్సే. "లేదింకా" అని మళ్ళీ తనే అంది. ఆ తర్వాత చిన్నగా నవ్వింది. రెండు నెలల్లో ఆయన విన్న మొదటి నవ్వు అది. ఫోన్ పెట్టాక కూడా ఫీడ్లర్ చెయ్యి దాని మీదే ఉండిపోయింది. ముప్పై ఏళ్ళలో ఎన్నడూ రాని ఆలోచన వచ్చి బుర్రలో కూర్చుంది, పొమ్మంటే పోవట్లేదు.

మధ్యాహ్నం చిన్న ఓటు పెట్టె తీసుకుని రోగుల ఇళ్ళకీ ముసలివాళ్ళ ఇళ్ళకీ గొడుగు వేసుకుని తిరిగాడు. ఎప్పటిలాగే నవ్వుతూ, ఎప్పటిలాగే బాగోగులు అడుగుతూ. నాలుగింటికి ఫోగ్ట్ లిస్టు మీద వేలు పెట్టి లెక్కపెట్టాడు.

"నలభై ఒకటి. ఒకరు తక్కువ. ఎవరు మిగిలారు?"

హాల్లో అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఫోగ్ట్ వేలు కిందికి జారి ఒకచోట ఆగింది. తర్వాత పగలబడి నవ్వాడు. "నువ్వేనయ్యా! ఊరందరి చేత వేయించి నీది మర్చిపోయావు. రా, రా, వేసెయ్యి!"

"వేస్తాను, కామ్రేడ్. ఒక్కసారి ఇంటికి వెళ్ళి రావాలి" అన్నాడు ఫీడ్లర్. "బకెట్లు నిండిపోయి ఉంటాయి, పారబోసి వస్తాను."

"ఎంతసేపు?"

"వాన ఆగేదాకా."

ఫోగ్ట్ కిటికీలోంచి ఆకాశం చూశాడు. అది ఇప్పట్లో ఆగే వాన కాదు. ఆయన మొహంలో నవ్వు దిగిపోయింది. "ఫీడ్లర్, నువ్వు... నువ్వు వెయ్యనంటున్నావా?"

"అయ్యో, అలా ఎందుకంటాను! బకెట్లు పారబోస్తానంటున్నాను."

అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. ఉద్యోగం గురించి ఆలోచించాడు, ప్రశంసాపత్రాల గురించి ఆలోచించాడు. ఇల్సే నవ్వు గుర్తొచ్చి కొంచెం వేగంగా నడిచాడు. ఇంట్లో నిజంగానే బకెట్ నిండి ఉంది. పారబోశాడు, పెట్టాడు, కుర్చీ లాక్కుని దాని ఎదురుగా కూర్చున్నాడు.

అయిదింటికి ట్రక్కు వచ్చింది. నిన్న వెళ్ళిన పెంకులే, నిన్న వెళ్ళిన మనుషులే. ఆదివారం విందుల మధ్యలోంచి లాక్కొచ్చారు, తినేటప్పుడు కట్టుకున్న గుడ్డ ఒకడి మెడలో ఇంకా ఉంది. ఫోగ్ట్ వానలో నిచ్చెన పట్టుకున్నాడు. అయిదుంపావుకి కోటు విప్పి తనే పెంకులు అందించడం మొదలుపెట్టాడు. ఆరింటికి ఓటింగు ముగుస్తుంది, అప్పటికే జిల్లా నుంచి మూడుసార్లు ఫోన్ వచ్చిందట. వీధి మొత్తం గొడుగులు వేసుకుని చూస్తోంది. ఫ్రౌ క్లాట్ కిటికీ తీసి, "బాగా ఆనించు నాయనా, ఆ చివర పెంకు ఎత్తుగా ఉంది!" అని ఫోగ్ట్‌కి పని నేర్పుతోంది.

అటకలో నిలబడి ఫీడ్లర్ కూడా పెంకులు అందిస్తున్నాడు. అయిదున్నర దాటాక ఫోగ్ట్ చిన్న పెట్టె చంకలో పెట్టుకుని అటక మెట్లు ఎక్కాడు. ఒళ్ళంతా సున్నం, జుట్టులోంచి నీళ్ళు.

"ఇదిగో కాగితం. మడువు. ఇంకా నాలుగు పెంకులేగా!"

ఫీడ్లర్ కాగితం పట్టుకుని జేబులో చెయ్యి పెట్టాడు. ఫోగ్ట్ పాలిపోయాడు. "పెన్సిలా? పెన్సిల్ తీస్తున్నావా?"

"కళ్ళజోడు, కామ్రేడ్. చదువుదామని."

"చదవడానికేముంది అందులో!"

"అదే. ఎప్పుడూ చూడలేదు."

ఒక్కో పేరూ పెదాలు కదుపుతూ చదివాడు. పై నుంచి ఒక్కో పెంకూ టక్కుమని కూర్చుంటోంది. ఎవరీ పేర్లు, ఎక్కడి మనుషులు, సగం మంది ఆయనకి తెలీదు. ఇన్నేళ్ళుగా వీళ్ళకోసమే ముసలివాళ్ళని వానలో నడిపించానన్నమాట అనుకున్నాడు. చిన్నతనం అనిపించింది. చివరి పెంకు పడింది. చుక్క ఆగింది. ఆయన ఎప్పటిలాగే మధ్యకి మడిచి, పెట్టెలో వేశాడు.

ఫోగ్ట్ ఆరింటికి ఏడు నిమిషాలుండగా మెట్లు దిగి పరుగెత్తాడు. గేటు దగ్గర ఎవరినో గుద్దుకోబోయి, "నూటికి నూరు! నూటికి నూరు!" అని అరుస్తూ పోయాడు.

గుద్దించుకోబోయింది ఇల్సే. చంకలో ప్లాస్టిక్ కవరు చుట్టిన తలగడ, రెండో చేతిలో పెట్టె. అయిదూ నలభై రైలుకి దిగి వచ్చింది. ఆమె పడగ్గదిలోకి వెళ్ళింది. బకెట్ పక్కకి తన్ని, తలగడ కవరు విప్పి, తన వైపు పెట్టి, వెల్లకిలా పడుకుంది. పైకి చూస్తూ కాసేపు అలాగే ఉంది. బయట వాన హోరు, లోపల చప్పుడు లేదు.

ఫీడ్లర్ అటక దిగి గుమ్మంలో నిలబడ్డాడు. జుట్టు నిండా బూజు. ఒక్క మెచ్చుకోలు మాట కోసం చిన్నపిల్లాడిలా ఎదురుచూస్తున్నాడు.

"నువ్వే చేశావా?" అంది ఇల్సే.

"నేనే."

"ఏం చేశావ్?"

"ఏం చెయ్యలేదు. గంటసేపు కుర్చీలో కూర్చున్నాను."

ఇల్సే మోచేతి మీద లేచి ఆయన వంక చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నవ్వూ ఉంది, కోపం మాత్రం ఇప్పుడే మొదలవుతోంది.

"గంటసేపు కూర్చుంటే అయ్యే పనా ఇది!" అంది. "మరి ఇరవై ఏడేళ్ళుగా పార్టీ పనుల మీద ఎందుకు తిరిగావయ్యా, బ్రూనో?"

ఆయన బకెట్ ఎత్తుకుని ఎక్కడ పెట్టాలో తెలీక పట్టుకుని నిలబడ్డాడు.